ప్రసాదానికి మార్కులు

పార్వతీదేవి గారు తన వంట తాను రుచి చూసిన పాపాన పోలేదు. నైవేద్యం పెట్టకముందు నోట్లో వేసుకుంటే ఎంగిలి అయిపోతుంది. పెట్టాక చూసి ఏం లాభం, అప్పటికి దేవుడే తినేశాడు కదా అని నవ్వేవారట. ఆవిడకి ముక్కే నాలుక. వేడి అన్నం మీద చింతపండు గుజ్జు పోసి కలుపుతుంటే లేచే ఆవిరిని ఒక్కసారి పీల్చి, "ఇంకో గుప్పెడు ఉప్పు పడాలి" అనేవారు. పడేది. సరిగ్గా సరిపోయేది. తణుకు దగ్గర పల్లెటూళ్ళో, వాళ్ళమ్మ పక్కన నిలబడి నేర్చుకున్న విద్య అది.

భర్త వెంకటేశ్వరరావు గారు మేడ్చల్ వైపు ఒక మందుల కంపెనీలో లెక్కలు రాసేవారు. రిటైరయ్యాక, శామీర్‌పేట దాటి అలియాబాద్ వెళ్ళే దారిలో, కరీంనగర్ రోడ్డుకి కాస్త లోపలగా వేసిన కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. కాలనీలో సగానికి పైగా గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగస్తులే. వాళ్ళంతా చందాలు వేసుకుని చిన్న రామాలయం కట్టుకున్నప్పుడు మొదటి నైవేద్యం పార్వతీదేవి గారే వండారు. ఆవ పెట్టిన పులిహోర, చక్కెర పొంగలి. తిన్నవాళ్ళు ఊరుకుంటారా? మా గృహప్రవేశానికి చెయ్యండి, మా సత్యనారాయణ వ్రతానికి చెయ్యండి అని వెంటపడ్డారు. కొత్త కాలనీ కాబట్టి గృహప్రవేశాలకి కొదవ లేదు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించి పెద్ద గ్యాసు పొయ్యిలు పెట్టించుకున్నారు. బేసిన్లు ఎత్తడానికీ గిన్నెలు తోమడానికీ రెండేళ్ళుగా అలియాబాద్ నుంచి వజ్రమ్మ వస్తోంది.

డబ్బు వచ్చేది, కాదనను. కానీ ఆవిడకి అసలు గొప్ప వేరే ఉంది. ఎవరింట్లో శుభకార్యమైనా ముహూర్తం పెట్టించుకున్న వెంటనే తన గుమ్మంలోకి వచ్చి చెప్పాలి, తను తలంటు పోసుకుని పొయ్యి వెలిగించాలి. ఇక శ్రీరామనవమికి తొమ్మిది రోజులూ స్వామికి వండేది ఆవిడే. ఆ తొమ్మిది రోజుల కోసమే మిగతా ఏడాదంతా బతికేవారంటే అది ఎక్కువ చేసి చెప్పడం కాదు.

ఇదంతా నాకెలా తెలుసో చెప్పాలి. నేను జైపాల్‌ని. మేడ్చల్‌లో ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో పరిశోధనా పద్ధతులు చెప్తాను. వ్యాపారానికి జబ్బు చేస్తే దాన్ని ఏ పద్ధతిలో పట్టుకోవాలో నేర్పడం నా పని. పిల్లలకి అస్సలు నచ్చని సబ్జెక్టు. ప్రాజెక్టు అనగానే ఏదో మాల్ ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళ చేత కాగితాల మీద టిక్కులు పెట్టించుకుని, రంగురంగుల బొమ్మలు గీసి తెచ్చేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే లిఖిత అనే అమ్మాయి వచ్చి, "మా నానమ్మ వ్యాపారం మీద చేస్తాను సర్" అన్నప్పుడు కుర్చీలో కొంచెం ముందుకి జరిగాను. ఆ పిల్ల తల్లిదండ్రులు విశాఖలో ఉంటారు. తను మా కాలేజీ హాస్టల్లో ఉంటూ ఎప్పుడైనా ఆదివారాలు నానమ్మ ఇంటికి వెళ్ళేది.

"ఏమైందమ్మా మీ నానమ్మ బిజినెస్‌కు?"

"రెండేళ్ళ నుంచి ఆర్డర్లు తగ్గిపోతున్నాయి సర్. ఇప్పుడైతే దాదాపు లేవు. ఎందుకో ఎవరూ చెప్పట్లేదు. గుడి కమిటీ సెక్రటరీ రాజారావు గారు ఈ నవమికి క్యాటరింగ్ వాళ్ళని పిలుద్దాం అంటున్నారట. ఉగాది లోపల తేల్చేస్తారు. నవమి కూడా పోతే నానమ్మ తట్టుకోలేదు సర్."

సరే, ఉగాది లోపల కారణం తెలుసుకుందాం, తెలిస్తే సరిదిద్దుకోవచ్చు అన్నాను. అంత ధీమాగా ఎందుకన్నానో మరి!

లిఖిత మొదట అందరూ చేసే పనే చేసింది. ప్రశ్నల కాగితం తయారుచేసింది. ధర ఎక్కువా? సమయానికి అందడం లేదా? ప్యాకింగ్ బాగా లేదా? ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చే తిండికి అలవాటు పడ్డారా? చివర్లో రుచికి అయిదుకి ఎన్ని మార్కులు? నలభై, యాభై ఇళ్ళ వాళ్ళు నింపి ఇచ్చారు. రుచికి అందరూ అయిదుకి అయిదు. ఒకాయన అయిదు పక్కన దండం పెట్టిన బొమ్మ కూడా వేశాడు.

"గిన్ని మార్కులు దేవుడికి గూడ రావు," అన్నాను. "గింత మంచిగుంటే మరి ఎవ్వరు కొంటలేరేంది? ఎట్ల అడిగినవు?"

"శనివారం గుళ్ళో నైవేద్యం అయ్యాక, ఒక్కొక్కరికీ దొప్పతో పాటు కాగితం ఇచ్చాను సర్. తినగానే నింపితే రుచి గుర్తుంటుంది కదా అని."

నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. పాఠం ప్రకారం తప్పు లేదు. తిన్న వెంటనే అడగమని నేనే చెప్పాను. కానీ ఆ పిల్ల ప్రసాదం పెట్టి మార్కులు అడిగింది. ప్రసాదం కళ్ళకద్దుకుని తింటాం. ఉప్పు తక్కువైనా, పులుపు ఎక్కువైనా మహాప్రసాదమే. దానికి వంక పెడితే కళ్ళు పోతాయని చిన్నప్పుడే మనందరికీ చెప్పేశారు. నాలాంటి నోటి దురుసు మనిషి కూడా దొప్ప చేతిలో పట్టుకుని నాలుగు మార్కులు వెయ్యడు.

ఆ రోజు లిఖితకి క్లాసులో చెప్పిందే మళ్ళీ చెప్పాను. కాగితం ఇచ్చి అడిగితే ఎక్కువమంది అందుతారు, కానీ వాళ్ళు చెప్పదలుచుకున్నదే చెప్తారు. కూర్చోబెట్టి మాట్లాడిస్తే లోతు తెలుస్తుంది, కానీ ఎదురుగా ఉన్న మనిషి మొహం అడ్డమొస్తుంది. దూరంగా నిలబడి చూస్తే ఏం చేస్తున్నారో కనపడుతుంది, ఎందుకో కనపడదు. పేర్లు దాచి పక్కపక్కన పెట్టి పోల్పిస్తే కారణం దొరకొచ్చు, కానీ అది కృత్రిమంగా ఉంటుంది. ఒక్కదాన్నే నమ్ముకోవద్దు అన్నాను.

మాట్లాడించడానికి ఇంటింటికీ వెళ్ళింది. కాఫీలు ఇచ్చారు. మీ నానమ్మ చేతిలో మహత్తుందమ్మా అన్నారు. మరి మొన్న వ్రతానికి ఎందుకు చెప్పలేదండీ అంటే, మా ఆడపడుచు వాళ్ళే తెప్పించేశారని ఒకరు, చుట్టాలు తక్కువేనని ఒకరు, పెద్దావిడని ఎందుకు శ్రమపెట్టడమని ఇంకొకరు. అందరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు.

తరవాతి శనివారం గుడి దగ్గర ఊరికే నిలబడి చూడమన్నాను. కాగితం వద్దు, పెన్ను వద్దు. సోమవారం నా గదికి వచ్చి చూసింది చెప్పింది. జనం దొప్ప అందుకుంటున్నారు, కళ్ళకద్దుకుంటున్నారు, ఒక్క ముద్ద నోట్లో వేసుకుంటున్నారు. ఆ తరవాత ఆకు మడిచేసి గుడి వెనక్కి వెళ్తున్నారు. ప్రసాదాన్ని చెత్తలో వెయ్యకూడదు, ఎవరూ తొక్కకూడదు. అందుకని పక్షులైనా తింటాయని ప్రహరీ గోడ మీద పెట్టి వస్తున్నారు. గోడ పొడుగునా దొప్పలేనట.

"నేను కూడా ఒకటి తిన్నాను సర్. నోట్లో పెట్టుకోలేకపోయాను. ఉప్పు. ఆదివారాలు ఇంటికెళ్ళినప్పుడు ఒక్కోసారి కూరలో ఉప్పే ఉండదు, ఒక్కోసారి విషంలా ఉంటుంది. పెద్దదయింది కదా, చెయ్యి జారిందనుకునేదాన్ని."

"ఒక్క శనివారం చూసి ముద్ర వెయ్యకమ్మా. పేర్లు లేకుంట పోల్చి చూద్దాం," అన్నాను. నిజానికి ఆ పిల్ల మొహం చూడలేక వాయిదా వేశాను.

పోల్చాలంటే దేవుడికి పెట్టని పులిహోర కావాలి. పార్వతీదేవి గారు ససేమిరా అన్నారు. దాంతో నన్నే రమ్మంది లిఖిత. కరీంనగర్ బస్సెక్కి, శామీర్‌పేట చెరువు దాటాక దిగి, ఆటోలో వెళ్ళాను. పచ్చగా, పొట్టిగా, నుదుటి మీద పెద్ద బొట్టుతో ఎదురొచ్చారు ఆవిడ.

"ఏం బాబూ, మీ కాలేజీలో నా వంటకి మార్కులు వేస్తారటగా? దేవుడికి చూపించకుండా ముందు మనుషులకి పెట్టి బాగుందా బాగుందా అని అడుక్కోవాలా?"

"కమిటీ వాళ్ళకు చూపిస్తానికి అమ్మా. గిది నైవేద్యం కాదు, పరీక్ష అనుకోండి. ఇది అయితేనే నవమి సంగతి తేలుతది."

నవమి అనేసరికి మెత్తబడ్డారు. "స్వామి సేవ దక్కుతుందంటే సరే," అన్నారు. అప్పటికే లోపలి నుంచి పాలు మాడిన వాసన వాకిట్లో కూర్చున్న నా దాకా కొడుతోంది. పెరట్లో ఉన్న వజ్రమ్మ "అమ్మో, పాలు!" అని పరిగెత్తుకొచ్చింది. పార్వతీదేవి గారు వజ్రమ్మ కేక విని లేచారు. ఆవిడ మాటల్లో పడి గమనించలేదనుకున్నాను.

కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. మూడు గిన్నెలు. ఒకటి ఆవిడ వండింది. ఒకటి క్యాటరింగ్ వాళ్ళది. ఇంకోటి మా ఆవిడ చేసిన మేడ్చల్ రకం, పల్లీలు దండిగా వేసి. కాగితపు కప్పుల మీద ఎర్ర, పచ్చ, నీలం చుక్కలు పెట్టాం. ఏది ఎవరిదో నాకూ లిఖితకీ తప్ప ఎవరికీ తెలియదు. వండినవాళ్ళు హాల్లో ఉండకూడదన్నది నియమం. ఆ నియమం మేం రాసుకున్నదే కానీ, పార్వతీదేవి గారికి ఎవరు చెప్పగలరు? తన గిన్నె తానే వజ్రమ్మ చేత మోయించుకుని వచ్చి, వెనక వరసలో వెంకటేశ్వరరావు గారి పక్కన కూర్చున్నారు. వెళ్ళిపొమ్మనడానికి నాకు నోరు రాలేదు.

దేవుడు లేడు, దొప్ప లేదు, పేరు లేదు. జనానికి నోళ్ళు విచ్చుకున్నాయి. ఎర్ర చుక్క బాగానే ఉందన్నారు. పచ్చ చుక్కలో పల్లీలెక్కువ, ఇది తెలంగాణ వాళ్ళ చెయ్యేనని ఒకావిడ కనిపెట్టేసింది. నీలం చుక్క దగ్గరికి వచ్చేసరికి రాజారావు గారు దగ్గి, నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

"అమ్మ బాబోయ్! ఇదెవరు చేశారండీ? ఉప్పు గనిలో పండించినట్టుంది బియ్యం!"

హాలంతా నవ్వింది. ఎవరో ఇంకో మాట విసిరారు, మళ్ళీ నవ్వారు. రెండేళ్ళుగా గొంతుల్లో అట్టే పెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడుతున్నట్టుంది. వెనక వరసలో పార్వతీదేవి గారు కూడా నవ్వుతున్నారు.

"పాపం, ఎవరో ఉప్పు రెండుసార్లు వేసుకుని ఉంటారు," అన్నారు పక్కావిడతో. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అలాగే అవుతుంది. అలా నవ్వకూడదు."

లిఖిత పంచుతున్న కప్పులు బల్ల మీద పెట్టేసింది. వెంకటేశ్వరరావు గారు తల దించుకున్నారు. ఆ రెండూ చూశారు ఆవిడ. నవ్వు ఆగిపోయింది. లేచి నెమ్మదిగా ముందుకి నడిచి వచ్చారు.

"ఆ నీలం చుక్కది ఇలా ఇవ్వవే."

"వద్దు నానమ్మా."

"ఇవ్వు. దేవుడిది కాదుగా, ఎంగిలైనా ఫరవాలేదు."

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఆగారు. ఎర్ర చుక్కది అడిగి తీసుకున్నారు, తరవాత పచ్చది. మూడూ తిని, నా మొహం చూశారు, మనవరాలి మొహం చూశారు. ఏ రుచి చెప్పాలో మా మొహాల్లో వెతుక్కుంటున్నారని అప్పుడు అర్థమైంది నాకు. కుర్చీల్లో ఉన్నవాళ్ళకి కూడా అది ఎవరి వంటో తెలిసిపోయింది.

"నాకు ఈ మూడూ ఒకటేనే, తల్లీ," అన్నారు.

ఇంటికి తీసుకెళ్ళాక చెప్పారు. రెండేళ్ళ క్రితం జ్వరం వచ్చి పడుకుని లేచాక ఇంగువ వాసన తెలియలేదు. కర్పూరం తెలియలేదు. మల్లెపూలు తెలియలేదు. నోటికి ఉప్పూ పులుపూ కూడా తెలియలేదు. వయసు కదా, అదే వస్తుందిలే అనుకున్నారు. ఎవరికైనా చెప్తే పొయ్యి దగ్గరికి రానివ్వరని భయపడ్డారు.

"ముక్కుకి తెలియకపోతేనేం, చేతికి గుర్తుంటుందనుకున్నాను బాబూ. ఇన్నేళ్ళ చెయ్యి. అది కూడా మోసం చేస్తుందనుకోలేదు. ఆవిరి పీలుస్తానా, ఏమీ తగలదు. చాల్లేదేమోనని ఇంకాస్త వేసేదాన్ని."

వజ్రమ్మ గుమ్మం దగ్గర కూలబడి ఏడ్చింది. "నాకేం ఎరుకమ్మా! నేను పనికొచ్చిన కాంచి రోజూ గిన్నెలు తోమంగ నోట్లె ఏసుకుంటి, ఎప్పుడు గిట్లనే ఉండె. మీ దిక్కోళ్ళు గింతే ఉప్పు తింటరేమో అనుకున్న. మీ వంట గట్లుంటది గావచ్చు అనుకున్న. లేకుంటె చెప్పకపోదునా!"

ఆ మాటకి నవ్వు రావాల్సింది. ఎవరికీ రాలేదు. నన్ను గేటు దాకా సాగనంపడానికి వచ్చిన వెంకటేశ్వరరావు గారు మాత్రం, నేనడక్కుండానే, "నేను మజ్జిగ ఎక్కువ పోసుకునేవాణ్ణండీ," అన్నారు. ఆయనకి బీపీ ఉందని లిఖిత తరవాతెప్పుడో చెప్పింది.

పరిశోధన అక్కడితో అయిపోయింది. కారణం దొరికింది, పరిష్కారం కూడా దొరికింది. లిఖిత కాటా కొని తెచ్చింది. కిలో బియ్యానికి ఇంత ఉప్పు, ఇంత చింతపండు అని తూచి వేస్తే ముక్కుతో పనేముంది? అలా ఒకసారి చేయించింది కూడా. నేనే తిన్నాను. బ్రహ్మాండంగా ఉంది. రాజారావు గారికి రుచి చూపించాం. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నవమి మీదేనమ్మా, ఎవరినీ పిలవను," అన్నారు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. వ్యాపార సమస్యకి ఇంతకన్నా చక్కటి ముగింపు ఏ పుస్తకంలోనూ ఉండదు.

పార్వతీదేవి గారు ఒప్పుకోలేదు. కోపం లేదు, అలక లేదు. కాటా తుడిచి పక్కన పెట్టి, "వేరేవాళ్ళని చూసుకోండి బాబూ," అన్నారు. నేను నా విద్యంతా వెలగబెట్టాను. హోటళ్ళలో అందరూ తూచే చేస్తారన్నాను. రుచి సరిగ్గా అదేనని పదిమంది చేత చెప్పిస్తానన్నాను. ఆవిడ విన్నారు, మజ్జిగ ఇచ్చారు, మాట మాత్రం మార్చుకోలేదు. మొండిపట్టు అనుకుని చిరాకుపడుతూ బస్సెక్కాను. జనం నవ్వారన్న అవమానమే ఆవిణ్ణి తినేస్తోందని నా లెక్క. ఆ నవ్విన వాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకుని క్షమించమన్నారు. ఆవిడ వాళ్ళకే ధైర్యం చెప్పి పంపారు.

నవమి ఉత్సవాల మొదటి రోజు లిఖిత పిలిస్తే వెళ్ళాను. క్యాటరింగ్ వాళ్ళ వ్యాను గుడి ముందు ఆగింది. స్టీలు డబ్బాలు ఒక్కొక్కటే లోపలికి వెళ్తున్నాయి. పార్వతీదేవి గారు తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, మామూలు భక్తురాలిలాగా ఆడవాళ్ళ వరసలో కూర్చున్నారు. ఒళ్ళో చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు ఉన్నాయి. లిఖిత పక్కనే కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను వాళ్ళ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. పూజారి నైవేద్యానికి తెర వేశారు.

"నానమ్మా, ఇంకా బాధగా ఉందా? వాళ్ళు కావాలని నవ్వలేదే. నీదని తెలిస్తే ఒక్కరూ నవ్వేవాళ్ళు కాదు."

"వాళ్ళ మీద నాకేం బాధ?" అన్నారు ఆవిడ, తెర వైపే చూస్తూ. "వాళ్ళు మనుషులే. మొహమాటపడ్డారు. మీ తాతయ్య నేను బాధపడతానని ఊరుకున్నారు. వజ్రమ్మకి తెలియదు. మరి తెర వెనకున్న ఈయనకేమైందే? రెండేళ్ళు, రెండు నవములు, ప్రతి శనివారం ఆ ఉప్పంతా ఈయన ముందు పెట్టాను. ఈయనకి నా దగ్గర మొహమాటమేమిటి? ఒక్క రోజైనా నాకు తెలిసేలా చెయ్యలేకపోయాడా?"

లోపల గంట మోగింది. అందరూ చేతులు జోడించారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుళ్ళో ఏడవకూడదని కాబోలు, తెర తియ్యకముందే లేచి బయటికి వెళ్ళిపోయారు.